తొంభై ఏడంటే మంచి మార్కులే కదా

ఇది 2025 ఏప్రిల్ నాటి సంగతి. అప్పట్లో రాసే ఓపిక లేదు, ఆ తర్వాత రాయాలనిపించలేదు. మొన్న మా స్టాఫ్ రూంలో ఒక మేడమ్ మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచి, ఒక్క ముద్ద కూడా తినకుండా మళ్ళీ మూత పెట్టేసి, "మా వాడికి జేఈఈలో ఎంతొచ్చిందో మా అన్నయ్యకి కూడా చెప్పలేదు మేడమ్, మీకే చెప్తున్నా" అంది. ఆ మూత పెట్టిన తీరు చూస్తే నన్ను నేనే చూసుకున్నట్టు అనిపించింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి ఫోన్ చేసి రాయనా అని అడిగాను. "రాసుకో అమ్మా, నా పేరు, ఇంటర్ కాలేజీ పేరు పెట్టకు. డాడీ ఎక్సెల్ షీట్ సంగతి మాత్రం తప్పకుండా రాయి" అంది.

మాది హనుమకొండ. నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెప్తాను, మా ఆయనది కరెంటు డిపార్ట్‌మెంటు. కాజీపేట రోడ్డు మీద ఎన్‌ఐటీ గేటు ముందు నుంచి వారానికి నాలుగైదుసార్లు పోతుంటాం. 1959లో నెహ్రూ వచ్చి పునాదిరాయి వేశాడు, దేశంలో మొట్టమొదటి ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఎన్‌ఐటీకి పాత పేరు) ఇదే, ఇవన్నీ నేను బండి మీద పోతూ చెప్పి చెప్పి మా అమ్మాయికి అయిదో తరగతికే కంఠతా వచ్చేశాయి. ఆరో తరగతిలో వాళ్ళ డాడీతో ఎన్‌ఐటీలో జరిగే టెక్నికల్ ఫెస్ట్ టెక్నోజియాన్ చూడ్డానికి వెళ్ళి, అక్కడ ఎవరో అన్నయ్య తయారుచేసిన రోబో మెట్టు ఎక్కలేక బోర్లా పడితే అదే పెద్ద వింతగా చూసి, ఇంటికొచ్చి "నేను ఇక్కడే చదువుతా, మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని పోతా" అంది. అందరం నవ్వాం. నవ్వుతూనే నమ్మాం కూడా, అదీ సంగతి. నమ్మకుండా ఎట్లుంటాం? టెన్త్‌లో పదికి పది జీపీఏ, ఇంటర్ ఫస్టియర్‌లో 470కి 464. ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే. ఇంక కష్టమేముంది అనుకున్నాం.

హైదరాబాద్‌లో హాస్టల్లో వేశాం. తెల్లారి అయిదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు బంద్. మేం ఔటింగ్ ఆదివారాలు చింతకాయ పచ్చడి, సకినాలు పట్టుకుని పోయేవాళ్ళం. కాలేజీ గేటు బయట చెట్టు కింద దుప్పటి పరిచి పిల్లలకి అన్నం కలిపి పెట్టే తల్లిదండ్రుల్ని మీరు చూసే ఉంటారు, అందులో మేమూ ఉన్నాం. ఆ దుప్పటి మీద కూర్చుని మా ఆయన అడిగే మొదటి ప్రశ్న "వీక్లీ టెస్టులో ఎంత?" నేను అడిగే మొదటి ప్రశ్న "తింటున్నావా?" నాది మెరుగైన ప్రశ్న అనుకునేదాన్ని. కానీ ఆమె జవాబు చెప్పేదాకా నేను కూడా వాళ్ళ డాడీ ప్రశ్నకే చెవి పెట్టి కూర్చునేదాన్ని, తిండి జవాబు ఏమని వచ్చిందో నాకిప్పుడు గుర్తు కూడా లేదు.

ఎన్‌ఐటీ సీటు రావాలంటే జేఈఈ మెయిన్స్ రాయాలి, దేశమంతా రాసే ఎంట్రన్స్, ఏడాదికి రెండుసార్లు పెడతారు. జనవరి సెషన్‌లో 97.1 పర్సంటైల్ వచ్చింది. అప్పుడు ఎవరం పెద్దగా బాధపడలేదు, ఏప్రిల్ ఉంది కదా అనుకున్నాం, రెంటిలో ఏది ఎక్కువైతే అదే తీసుకుంటారు కాబట్టి ఇది ట్రయల్ లాంటిది అని కాలేజీ వాళ్ళూ చెప్పారు. హాస్టల్లో పెట్టే గ్రాండ్ టెస్టుల్లో మూడొందలకి 210, 220 తెచ్చుకునే పిల్ల. ఏప్రిల్‌లో 99 దాటితే చాలు అని లెక్కలు వేసుకున్నాం.

ఏప్రిల్ 19, శనివారం. రిజల్ట్ 96.4. జనవరి కంటే తక్కువ.

ఎవరూ అరవలేదు, ఏడవలేదు. మా అమ్మాయి ఫోన్ బల్ల మీద బోర్లించి, లోపలికెళ్ళి ముసుగు తన్ని పడుకుంది. మా ఆయన సైట్ మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాడు, ఇంకోసారి తెరిస్తే అంకె మారుతుందన్నట్టు. వంటింట్లోంచి మా అత్తమ్మ వచ్చి "ఎంతొచ్చిందే?" అంది. ఎక్కువున్నదే చెప్దామని "తొంభై ఏడు అత్తమ్మా" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "వందకి తొంభై ఏడా! మరి గట్ల ముఖాలు ఏలాడేసుకున్నరేంది, తొంభై ఏడంటే మంచి మార్కులే కదా" అని పోపుల పెట్టె పక్కనున్న చక్కెర డబ్బా తీసి మా ఆయన నోట్లో చిటికెడు వేసింది, ఆయన మింగలేక కక్కలేక నిలబడ్డాడు. పక్కింటావిడకి కూడా చెప్పి వచ్చింది. ఆ పక్కింటావిడ కొడుకు కూడా రాశాడు కాబట్టి ఆమెకి పర్సంటైల్ అంటే ఏంటో బాగా తెలుసు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. 97.1 అంటే వందకి 97 మార్కులు కాదు, వందమందిలో తొంభై ఏడు మంది నీ వెనక ఉన్నారని. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ రెండు సెషన్లు కలిపి రాసింది దాదాపు 14 లక్షల 75 వేల మంది. వందకి దాదాపు ముగ్గురు చొప్పున ముందున్న వాళ్ళందర్నీ కూడితే 43 వేల దాకా తేలతారు. ఆ ర్యాంకుకి ఆమె అడుగుతున్న కంప్యూటర్స్ సీటు, మా ఇంటి పక్క కాలేజీలో, కలలో మాట. అదే రోజు కాలేజీ వాట్సాప్ గ్రూపులో పోస్టర్లు వచ్చి పడ్డాయి. దేశం మొత్తంలో 24 మందికి వంద పర్సంటైల్ వస్తే మన టీవీ ప్రకటనలు వింటే ఆ 24 మందీ మన వీధిలోనే ఉన్నారేమో అనిపిస్తుంది. పోస్టర్ల మధ్యలో ఇంఛార్జి నుంచి నాకు విడిగా ఒక మెసేజ్: లాంగ్ టర్మ్ (ఇంకో ఏడాది కోచింగ్) అడ్మిషన్లు మొదలయ్యాయి, మీ పాపకి 97 ఉంది కాబట్టి ఫీజులో కన్సెషన్. బిడ్డ ఇంకా ముసుగులోంచి బయటికి రాలేదు, వీళ్ళు వచ్చే సంవత్సరం బేరం మొదలుపెట్టారు.

ఇక ఎక్సెల్ షీట్. మా ఆయనకి బాధ వస్తే నోరు పెగలదు, లెక్కలు వస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి సోమవారం రాత్రి దాకా అందులోనే ఉన్నాడు. ఏప్రిల్ 2 నుంచి 8 దాకా జరిగిన షిఫ్టులన్నీ ఒక్కో నిలువు వరుస. ఏ షిఫ్టులో ఎన్ని మార్కులకి ఎంత పర్సంటైల్ వచ్చిందని యూట్యూబ్‌లో, టెలిగ్రాంలో పిల్లలు చెప్పుకున్న అంకెలన్నీ ఏరి అందులో పెట్టాడు. నార్మలైజేషన్‌లో, అంటే షిఫ్టుకో పేపర్ కాబట్టి వాటి మధ్య తేడాని సరిచేసే లెక్కలో, అన్యాయం జరిగిందని ఆయన వాదన. ఫైనల్ కీ 17న పెట్టి, తీసేసి, 18న మళ్ళీ పెట్టారు కదా, అక్కడే ఏదో తేడా ఉందని ఇంకో వాదన. 2024 దాకా న్యూమరికల్స్‌లో (ఆప్షన్లు లేకుండా జవాబు అంకె వేసే ప్రశ్నల్లో) పదింటికి అయిదు రాస్తే సరిపోయేది, సరిగ్గా మన పిల్ల రాసే ఏడాదే ఆ ఛాయిస్ తీసేశారని మూడో వాదన. మూడింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆయన పచ్చరంగు ఎర్రరంగు గడులు వేసుకుంటూ కూర్చున్న మూడు రోజుల్లో పిల్లతో మాట్లాడింది మూడు ముక్కలు లేవు. ఆ మాట అంటే నన్ను కూడా అనుకోవాలి. నేనూ ఇంటికొచ్చే ఫోన్లకి జవాబులు తయారుచేసుకునే పనిలో ఉన్నాను. మా చెల్లెకి ఒక వెర్షన్, మా హెడ్‌మాస్టర్‌కి ఒకటి, ఆడపడుచుకి ఒకటి. "పేపర్ బాగా టఫ్ అంట వదినా, అందరికీ తగ్గాయంట." అందరికీ తగ్గితే పర్సంటైల్ ఎందుకు తగ్గుతుంది అని ఆవిడ అడగలేదు, బతికిపోయాను.

రాత్రిళ్ళు మాత్రం వేరే భయం. 2019 ఏప్రిల్‌లో మన దగ్గర ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో పేపర్లో వచ్చిన ఫొటోలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటాయి. నేను టీచర్ని, ఎందరో తల్లిదండ్రులకి ధైర్యం చెప్పినదాన్ని, సొంత ఇంట్లో రాత్రి రెండింటికి లేచి బిడ్డ గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి శబ్దం వింటున్నాను. గడియ పెట్టుకోకు అని చెప్తే ఎందుకమ్మా అంది, ఉక్కగా ఉంది గాలి రావాలి అన్నాను. దానికి అర్థమైంది. నా మొహం చూసి, గడియ పెట్టనులే అంది. రెండో రాత్రి ఇక తట్టుకోలేక వరండాలోకి వెళ్ళి 14416కి చేశాను. టెలీ మానస్ అని, ప్రభుత్వం నడిపేదే, తెలుగులోనే మాట్లాడతారు. నేను బిడ్డ గురించి గడగడా చెప్పుకుపోతుంటే అటుపక్క అమ్మాయి మధ్యలో ఆపి "మీరు నిద్రపోయి ఎన్ని రోజులైంది మేడమ్?" అని అడిగింది. చాలాసేపు మాట్లాడింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లని నేరుగా అడగొచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన రాదు అని కూడా చెప్పింది. పొద్దున చాయ్ ఇస్తూ అడిగాను. గొంతు నాదిలా లేదు. "లేదమ్మా, సిగ్గుగా ఉంది, అంతే. ఎవరూ చూడకుండా ఉంటే బాగుండు అనిపిస్తోంది" అంది. ఆ చాయ్ నేనే తాగేశాను, ఇద్దామని తెచ్చి.

22న మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటర్ రిజల్ట్స్. వెయ్యికి 987. వేరే ఏ సంవత్సరమైనా అయితే మా ఇంట్లో ఆ రోజు పండగ. మా అత్తమ్మకి ఈసారి ఏం చెప్పాలో తెలియలేదు, తొంభై ఏడుకే చక్కెర పంచిన మనిషి కదా. సంస్కృతంలో 99 వచ్చింది, మన దగ్గర సంస్కృతంలో 99 రాని పిల్లలెవరు చెప్పండి. ఆ అంకె చూసి మా అమ్మాయి నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. నవ్వి, ఆ నవ్వుతోనే ఏడ్చింది, అరగంట ఏడ్చింది.

ఆ సాయంత్రమే జేఈఈ రెస్పాన్స్ షీట్, అంటే తను ఏ ప్రశ్నకి ఏం పెట్టిందో చూపే కాగితం, నాకు చూపించింది. అంతకుముందు మా ఆయన చూశాడు, కానీ ఆయన చూసింది తప్పొప్పుల కోసం. నాకు లెక్కలు రావు కాబట్టి నేను పక్కనున్న మాటలు చదివాను. ప్రతి ప్రశ్న పక్కనా స్టేటస్ అని ఒక గడి ఉంటుంది. ఆన్సర్డ్, ఆన్సర్డ్, నాట్ ఆన్సర్డ్, అట్లా పోతుంది. మ్యాథ్స్‌కి వచ్చేసరికి "నాట్ అటెంప్టెడ్ అండ్ మార్క్‌డ్ ఫర్ రివ్యూ" అని ఒకటి, దాని కింద ఒకటి, ఆ కింద ఇంకోటి. లెక్కపెట్టాను, తొమ్మిది. అంటే చదివి, చేయగలను మళ్ళీ వద్దాం అని గుర్తుపెట్టుకుని ముందుకు పోయినవి. వెనక్కి రావడానికి టైం లేకుండా పోయింది. ఒక్కోటి నాలుగు మార్కులు.

"వీటిలో ఎన్ని వచ్చు నీకు?" అని అడిగాను.

"ఏడు" అంది. "ఇంట్లో కూర్చుని ఆ రాత్రే చేసేశా. ఫిజిక్స్‌లో ఒక లెక్క దగ్గర ఇరుక్కుపోయానమ్మా. అది నాకు వచ్చిన లెక్కే. ఆన్సర్ ఆప్షన్లలో లేదు. మళ్ళీ చేశా, మళ్ళీ లేదు. వదిలేయాలని తెలుసు, వదల్లేకపోయా. పైన టైం చూస్తే పదమూడు నిమిషాలు పోయాయి. ఇంక అప్పట్నుంచి చేతులు చల్లబడ్డాయి."

మధ్యాహ్నం షిఫ్టు, మూడు నుంచి ఆరు దాకా. ఆరున్నరకి బయటికి వచ్చినప్పుడు మేం ఎట్లా రాశావు అంటే "పర్లేదు" అంది. ఆమెకి అప్పుడే తెలుసు. పదిహేను రోజులు తెలిసే ఉంది. మేం పదిహేను రోజులూ డిన్నర్ బల్ల మీద ఎన్‌ఐటీ హాస్టల్ తప్పనిసరా, ఇంటి నుంచి వెళ్ళనిస్తారా అని మాట్లాడుకున్నాం, అక్కడే కూర్చుని విన్నది.

ఇంకా చెప్పింది. సెకండియర్ దసరా తర్వాత ఆమెని టాప్ సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చారట. మాకు చెప్పలేదు. ఆ దుప్పటి మీద కూర్చున్న ఆదివారాల్లో చెప్పిన 220లన్నీ అబద్ధాలు కావు కానీ మధ్యలో వచ్చిన 140లు, 150లు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అంటే, "చెప్తే డాడీ ఏమీ అనడు, కారు నడిపేటప్పుడు రేడియో కట్టేస్తాడు. నూట నలభై కిలోమీటర్లు రేడియో లేకుండా పోతారు మీరిద్దరూ, నాకు తెలుసు" అంది.

నేను ఆ మాట మా ఆయనకి చెప్పాను. చెప్పాలా వద్దా అని ఒక పూట ఆలోచించి చెప్పాను. ఆయన లాప్‌టాప్ మూసేశాడు. ఏమీ అనలేదు. రాత్రి పిల్ల గదిలోకి వెళ్ళి, మంచం చివర కూర్చుని, తను పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో డ్రాయింగ్ పేపర్ తప్పి ఇంట్లో చెప్పకుండా సప్లిమెంటరీ ఫీజు కోసం గడియారం అమ్ముకున్న కథ చెప్పాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు చెప్పని కథ! గోడ ఇవతల కూర్చుని విన్నాను. నాతోనేమో తాతగారిచ్చిన గడియారం బస్సులో పోయిందన్నాడు.

లాంగ్ టర్మ్ గురించి మాత్రం గొడవ అయింది, దాచను. ఆయనకి పంపాలని ఉంది. వరసగా మూడేళ్ళు మెయిన్స్ రాయొచ్చు, ఇంకో ఏడాది కూర్చుంటే తప్పకుండా వస్తుందని. నాకు రెండు రకాలుగానూ అనిపించింది, ఎందుకంటే మా కొలీగ్ కొడుకు లాంగ్ టర్మ్‌లోనే బాగుపడ్డాడు, నా కళ్ళారా చూశాను, అందరికీ అది తప్పని నేననను. పిల్ల ఒక్కటే మాట అంది: "చదవడానికి నాకు బద్ధకం లేదు డాడీ. కానీ అదే మెటీరియల్ మళ్ళీ మొదటి పేజీ నుంచి తెరవమంటే నా వల్ల కాదు." రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటలు లేవు. మూడో రోజు ఇంఛార్జి నుంచి మళ్ళీ ఫోన్ వస్తే మా ఆయనే ఎత్తి, "అవసరం లేదు సార్" అని పెట్టేశాడు. ఆ "సార్" కొంచెం గట్టిగానే అన్నాడు.

తర్వాతవి త్వరగా చెప్పేస్తా. మే మొదట్లో ఎప్‌సెట్, మన రాష్ట్రం ఇంజనీరింగ్ ఎంట్రన్స్. నూట అరవై ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, ఇరుక్కుంటే ఏదో ఒకటి పెట్టేసి పోవచ్చు, మన దగ్గర ఇప్పుడు ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా లేదు. వెళ్ళేముందు నేను చెప్పింది ఒక్కటే, ఆప్షన్లలో ఆన్సర్ లేకపోతే ఆ లెక్కని తిట్టుకుని ముందుకు పో. 11న ర్యాంకు వచ్చింది, రెండువేల ఏడొందల చిల్లర. 18న ఐఐటీ సీట్ల కోసం పెట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా రాసింది. దానికి మెయిన్స్ కటాఫ్ 93 దగ్గర ఆగింది కాబట్టి అర్హత ఉంది, ఫీజు కట్టాం, రాయనంటే మానెయ్యి అన్నాం, తనే రాస్తా అంది. రెండు పేపర్ల మధ్య కారులో పెరుగన్నం తిని పావుగంట నిద్రపోయింది. జూన్ 2న ర్యాంకు రాలేదని తెలిసింది, ఆ రోజు ఇంట్లో అందరం మామూలుగానే అన్నం తిన్నాం. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. ఎన్‌ఐటీ గేటు ముందు నుంచి బండి మీద పోతే నాకు ఇప్పటికీ కొంచెం కలుక్కుమంటుంది. ఆమెకి ఎట్లా ఉంటుందో అడగలేదు. ఈ మధ్య సెలవులకి వచ్చినప్పుడు ఆ గేటు పక్కనే ఆపమని మిర్చి బజ్జీలు కొనుక్కుంది.

హాస్టల్‌కి పోయేముందు ట్రంకు పెట్టె ఖాళీ చేసింది. రెండేళ్ళ మెటీరియల్. పక్కింటి అబ్బాయికి ఇద్దామంటే వాళ్ళ కాలేజీది వేరేనట, వద్దన్నారు. పాత పేపర్లు కొనేతన్ని పిలిచాం. కిలో పన్నెండు రూపాయలు అన్నాడు, నేను సరే అనబోతుంటే మా అమ్మాయి అడ్డుపడి, ఇది న్యూస్ పేపర్ కాదు అంకుల్, తెల్ల కాగితం, పధ్నాలుగు ఇవ్వాలి అంది. అతను గొణుక్కుంటూ పదమూడుకి ఒప్పుకున్నాడు. మ్యాథ్స్ కట్ట, ఫిజిక్స్ కట్ట, కెమిస్ట్రీ కట్ట తాళ్ళతో కట్టి కొక్కేనికి తగిలిస్తున్నాడు. ఏప్రిల్‌లో గది దాటి బయటికి రాని పిల్ల, గేటు దగ్గర ఎండలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి,

"అంకుల్, ఒక్క నిమిషం ఆగండి, కాటా సున్నా మీద లేదు" అంది.